ఇంటి కరెంటు వాడకాన్ని మోడల్ చేయడం: పీక్ టైంలో మన ఇళ్ళు నిజంగా ఎంత తగ్గించగలవు?

కోడ్‌గువ్వ (హైదరాబాద్)
అందరికీ నమస్తే. ఇక్కడ కరెంటు డిపార్ట్‌మెంట్ వాళ్ళు, డేటా వాళ్ళు, ఇల్లు నడిపేవాళ్ళు అందరూ ఉన్నారు కాబట్టి ఈ టాపిక్ ఇక్కడే పెడుతున్నా. నలభై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ ఒకటి తీసుకుని, అందులో ఏ పావుగంటలో ఎంత కరెంటు కాలుతుందో, గ్రిడ్ మీద లోడ్ ఎక్కువైనప్పుడు అందులో ఎంత తగ్గించొచ్చో, ఎంత వేరే టైంకి జరపొచ్చో చెప్పే మోడల్ ఒకటి కడుతున్నాను. పావుగంటే ఎందుకంటే మన దేశంలో కరెంటు షెడ్యూలింగ్ అంతా రోజుకి 96 బ్లాకుల లెక్కన నడుస్తుంది, స్మార్ట్ మీటర్లు కూడా 15 లేదా 30 నిమిషాలకోసారి రీడింగ్ దాచుకుంటాయి.

ఇప్పుడే ఎందుకంటే, 2023లో కేంద్రం వినియోగదారుల హక్కుల రూల్స్ సవరించి టైమ్ ఆఫ్ డే టారిఫ్ తెచ్చింది కదా. సోలార్ బాగా వచ్చే ఎనిమిది గంటలు మామూలు రేటు కంటే కనీసం 20 శాతం తక్కువ, పీక్‌లో ఇళ్ళకి కనీసం 1.1 రెట్లు. మన ఇళ్ళకి 2025 ఏప్రిల్ 1 గడువు పెట్టారు, అది కూడా స్మార్ట్ మీటర్ పెట్టాకే. రేపో ఎల్లుండో ఇది మన గుమ్మంలోకి వచ్చేదే.

నా దగ్గర ఉన్నవి నెలవారీ బిల్లులు, బిల్డింగ్ మొత్తానికి ఒక మీటర్ డేటా, ఏ ఫ్లాట్‌లో ఏ సామాను ఉందో లిస్టు. ఏసీ, గీజర్, బోరు మోటారు, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, ఇండక్షన్, స్కూటర్ చార్జింగ్ వరకు రాసుకున్నా. ఇంకేం చూడాలి, దేన్ని నమ్మాలి, దేన్ని నమ్మకూడదు చెప్పండి.

సబ్‌స్టేషన్_శీను (కృష్ణా జిల్లా)
మంచి పని పెట్టుకున్నారమ్మా. నేను 33/11 సబ్‌స్టేషన్‌లో పనిచేస్తానండి, మాకు కనపడేది ఫీడర్, అంటే ఒక ఏరియా అంతటికీ వెళ్ళే లైన్ లోడే, ఇల్లు కనపడదు. అక్కడ్నించి ఒక మాట చెప్తాను, సగటు ఇల్లు అనేదాన్ని పట్టుకుని నలభైతో గుణించొద్దు. ఫీడర్ మీద సాయంత్రం గీత నున్నగా ఎక్కి నున్నగా దిగుతుంది, ఒక్క ఇల్లు తీసుకుంటే అలా ఉండదు, ఫ్రిజ్జూ ఫ్యానూ కలిపి రెండొందల వాట్లలో పడుంటుంది, గీజర్ వేస్తే ఒక్కసారిగా రెండు కిలోవాట్లు లేస్తుంది, అరగంటకి మళ్ళీ కింద పడుతుంది. తగ్గించగలిగేదంతా ఆ లేచిన దాంట్లోనే ఉంది. సగటు తీస్తే అదే మాయమైపోద్ది.

ఇంకోటి, జనం ఏం చేస్తారో లెక్కగట్టడం ఎంత కష్టమో 2020 ఏప్రిల్ 5 రాత్రి చూశాం. తొమ్మిదింటికి తొమ్మిది నిమిషాలు లైట్లు ఆర్పమన్నారు గుర్తుందా, లాక్‌డౌన్‌లో. ఇళ్ళ లైట్ల లోడ్ లెక్కేసి దేశం మొత్తం మీద 12 నుంచి 14 వేల మెగావాట్లు తగ్గుతుందని ముందు అంచనా కట్టారు. తగ్గింది 31,089 మెగావాట్లు. రెట్టింపు కంటే ఎక్కువ! ముందే హైడ్రో యూనిట్లని సిద్ధంగా పెట్టుకుని గబగబా దించి ఎక్కించారు కాబట్టి ఫ్రీక్వెన్సీ 49.70 నుంచి 50.26 హెర్ట్జ్ మధ్యనే ఉంది, గండం గడిచింది. ఇళ్ళ మోడల్ తప్పితే ఏమవుద్దో ఇంతకంటే పెద్ద ఉదాహరణ నాకు తెలీదు.

నిజాంపేట_నివాసి
శీనన్నా అంత తేడా ఎందుకొచ్చింది? లైట్లే కదా ఆర్పమన్నది.

సబ్‌స్టేషన్_శీను (కృష్ణా జిల్లా)
నా ఉద్దేశం చెప్తాను తమ్ముడూ. అంచనా కట్టినోళ్ళు లైట్ల వాట్లు లెక్కేశారు, జనం లైట్లు మాత్రమే ఆర్పలేదు. గదిలో లైటు ఆర్పి బాల్కనీలోకో డాబా మీదికో దీపం పట్టుకెళ్ళేవాడు వెళ్తా వెళ్తా ఫ్యానూ టీవీ కూడా కట్టేస్తాడు, అది మనకి చిన్నప్పట్నించీ ఉన్న అలవాటు. మోడల్‌లో ఉన్నది వస్తువు, స్విచ్ దగ్గర ఉన్నది మనిషి.

డేటా_పంతులు
శీను గారు చెప్పిన చివరి పాయింట్ మీదే మొత్తం కట్టాలి. ఇంటి లోడ్ మోడల్ చేయడానికి రెండు దార్లున్నాయి. ఒకటి పైనుంచి కిందికి, అంటే మీటర్ డేటా తీసుకుని ఉష్ణోగ్రత, వారం, గంట ఇవన్నీ పెట్టి రిగ్రెషనో ఇంకేదైనా మెషిన్ లెర్నింగో నడపడం. రేపటి లోడ్ ఎంతో చెప్పడానికి అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కానీ ఆ లోడ్‌లో ఏసీ ఎంత, గీజర్ ఎంత, ఏది ఆపితే ఎవరికీ ఇబ్బంది లేదు అన్నది అది చెప్పదు. డిమాండ్ రెస్పాన్స్‌కి, అంటే గ్రిడ్ అడిగినప్పుడు ఇళ్ళు లోడ్ తగ్గించుకోవడానికి, కావాల్సిందేమో అదే. రెండోది కిందనుంచి పైకి. ముందు మనుషులు ఇంట్లో ఎప్పుడుంటారు, ఎప్పుడు మేలుకుని ఉంటారు, ఏం పని చేస్తుంటారు అని మోడల్ చేసి, ఆ పనికి ఏ సామాను వాడతారో కలిపి, వాటి వాట్లు కూడటం. బ్రిటన్‌లో లఫ్‌బరో యూనివర్సిటీ వాళ్ళ క్రెస్ట్ మోడల్ ఇలాంటిదే, జనం రోజు ఎలా గడుపుతారో డైరీ రాయించిన సర్వే మీద మార్కోవ్ చైన్ (ఇప్పుడు చేస్తున్న పనిని బట్టి తర్వాత ఏ పనికి ఎంత అవకాశం ఉందో లెక్కేసే పద్ధతి) నడుపుతుంది, నిమిషం నిమిషానికి ప్రొఫైల్ ఇస్తుంది.

ఆ బ్రిటిష్ డైరీలు మనకి పనికిరావు. మనకి మన సర్వేనే ఉంది, నేషనల్ స్టాటిస్టికల్ ఆఫీస్ 2019లో, మళ్ళీ 2024లో టైమ్ యూజ్ సర్వే చేసింది. ముందు రోజు తెల్లవారుజాము నాలుగు నుంచి ఆ రోజు నాలుగు దాకా అరగంట అరగంటకి ఎవరేం చేశారో రాసుకుంటారు. వంట, స్నానం, నిద్ర, ఉద్యోగం, అన్నీ ఉంటాయి. దాన్నుంచి తెలంగాణ అర్బన్ ఇళ్ళు తీసుకో, కోడ్‌గువ్వా, నీ మార్కోవ్ చైన్‌కి కావాల్సిన ప్రాబబిలిటీలు వస్తాయి. అరగంట డేటా కాబట్టి పావుగంటకి దించేటప్పుడు స్నానం లాంటి పొట్టి పనులు ఎక్కడ పడతాయో కొంచెం జాగ్రత్త.

సామాన్ల సిగ్నేచర్లకి, అంటే ఏ సామాను కరెంటు ఎలా లాగుతుందో తెలియడానికి, ఢిల్లీ ట్రిపుల్ ఐటీ వాళ్ళ ఐఏడబ్ల్యూఈ డేటాసెట్ చూడు, 2013 ఎండాకాలంలో ఒక ఢిల్లీ ఇంట్లో ఒక్కో సామానుకి మీటర్ పెట్టి తీశారు. పుణె ప్రయాస్ ఎనర్జీ గ్రూప్ వాళ్ళు కూడా ఇళ్ళల్లో మీటర్లు పెట్టి రాసిన రిపోర్టులున్నాయి. అమెరికా డేటాతో ట్రైన్ చేసిన మోడల్ తెచ్చి మన ఇంటికి తగిలించకు దయచేసి, అక్కడ లోడ్‌లో సీలింగ్ ఫ్యాన్‌ది పెద్ద వాటా కాదు, ఇక్కడ అది ఏడాదిలో ఎక్కువ నెలలు రోజంతా తిరుగుతూనే ఉంటుంది.

కోడ్‌గువ్వ (హైదరాబాద్)
టైమ్ యూజ్ సర్వే సంగతి భలే చెప్పారు సర్, యూనిట్ లెవెల్ డేటా (ఇంటింటి రికార్డులు) దించుకుంటా.

నిజాంపేట_నివాసి
అక్కా ఇదంతా బానే ఉంది కానీ నాకొక డౌట్, మాకేమొస్తది? మాది మిడిల్ క్లాస్ అపార్ట్‌మెంట్, ఇంట్ల అందరు చూసేది ఒక్కటే, నెల బిల్లు రెండొందల యూనిట్లు దాటిందా లేదా. గృహజ్యోతి ఉన్నోళ్ళకి 200 లోపల అయితే జీరో బిల్లు, దాటితే మొత్తం కట్టాలె. స్కీం లేనోళ్ళకి కూడా గదే లెక్క, నేను కూర్చొని చేసిన. 200 యూనిట్లు అయితే మొదటి వంద 3.40 చొప్పున, రెండో వంద 4.80 చొప్పున, ఎనర్జీ ఛార్జీ 820 రూపాయలు. 201 అయితే కేటగిరీ మారిపోతది, రెండొందలకి 5.10 చొప్పున, పైన ఒక యూనిట్‌కి 7.70, మొత్తం 1027.70. ఒక్క యూనిట్‌కి 207 రూపాయలు! ఇగ నువ్వు పీక్‌ల పది శాతం ఎక్కువ, మధ్యాహ్నం ఇరవై శాతం తక్కువ అంటే ఎవరు పట్టించుకుంటరు? సగటున ఏడు రూపాయలు అనుకున్నా, ఇరవై యూనిట్లు సాయంత్రం నుంచి మధ్యాహ్నానికి జరిపితే మిగిలేది నలభై రెండు రూపాయలు.

డేటా_పంతులు
నివాసి బ్రో, ఇది ఈ థ్రెడ్‌లో ఇప్పటిదాకా వచ్చిన వాటిలో అన్నిటికంటే విలువైన లెక్క. దీన్ని మోడల్‌లోకి నేరుగా దించొచ్చు. మన స్లాబ్ టారిఫ్ జనానికి ఇచ్చే సిగ్నల్ "నెల మొత్తం మీద తగ్గించు" అని, "ఫలానా గంటలో తగ్గించు" అని కాదు. అంటే ఇంటి ప్రవర్తన బిల్లు తారీఖు మీద ఆధారపడుతుంది. మీటర్ రీడింగ్ తీసుకుని ఐదో రోజున ఏసీ ఫ్రీగా వేసే ఇల్లు, ఇరవై ఐదో రోజున మీటర్ 185 చూపిస్తుంటే ఫ్యాన్‌తో సర్దుకుంటుంది. కోడ్‌గువ్వా, నీ ఫీచర్లలో "బిల్లు సైకిల్‌లో ఎన్నో రోజు", "స్లాబ్ అంచుకి ఇంకా ఎన్ని యూనిట్లు" అని రెండు కాలమ్స్ పెట్టు. విదేశీ పేపర్లలో ఈ రెండూ దొరకడం కష్టం, ఎందుకంటే ఇలా ఒక్క యూనిట్‌కి కేటగిరీయే మారిపోయే టారిఫ్‌లు అక్కడ అరుదు. ఏపీలో టెలిస్కోపిక్ స్లాబులు, 30, 75, 125, 225, 400 దగ్గర రేటు మారుతుంది కానీ వెనకటి యూనిట్ల రేటు మారదు, కాబట్టి అక్కడ ఈ దూకుడు ఇంత ఉండదు. రెండు రాష్ట్రాలకీ ఒకే మోడల్ పెట్టలేవు.

బెజవాడ_ఎండ
ఏసీ గురించి ఎవరూ అసలు మొదలుపెట్టలేదేంటండీ, మే నెలలో మా విజయవాడలో లోడ్ అంటేనే ఏసీ. నేను బిల్డింగ్ సర్వీసెస్ డిజైన్ చేస్తాను, అందుకని కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

గదిని ఒక రెసిస్టెన్స్, ఒక కెపాసిటెన్స్‌తో మోడల్ చేస్తారు సాధారణంగా, బయట వేడి గోడల్లోంచి ఎంత నెమ్మదిగా లోపలికొస్తుందో రెసిస్టెన్స్, గది ఎంత వేడిని పట్టి ఉంచుకుంటుందో కెపాసిటెన్స్. ఒక్క కెపాసిటెన్స్‌తో ఆపితే మన ఇళ్ళకి లెక్క తప్పుతుంది. మనవి ఆర్‌సీసీ స్లాబ్, ఇటుక గోడలు. గదిలో గాలి పది నిమిషాల్లో చల్లబడుద్ది, స్లాబ్ చల్లబడదు, పొద్దున్నించి తాగిన ఎండంతా రాత్రి తొమ్మిదీ పదింటికి కిందకి వదులుతుంది. టాప్ ఫ్లోర్‌లో పడుకున్నోడిని అడగండి, పైకి చెయ్యెత్తితే సెగ తగులుతుంది. కాబట్టి గాలికొకటి, కట్టడానికొకటి రెండు కెపాసిటెన్స్‌లు పెట్టాలి, టాప్ ఫ్లోర్ ఫ్లాట్లని వేరే గ్రూపుగా చూడాలి. తెలంగాణలో కూల్ రూఫ్ పాలసీ 2023లో వచ్చింది కదా, తెల్ల పూత ఉన్న డాబాకి ఈ రాత్రి లోడ్ ఎలా మారుతుందో కూడా ఇదే మోడల్ చెప్తుంది.

రెండోది తేమ. హైదరాబాద్‌లో ఏప్రిల్‌లో ఎండ పొడిగా ఉంటుంది, కూలర్ పనిచేస్తుంది, రెండొందల వాట్లతో సరిపోద్ది. మా దగ్గరా విశాఖలోనూ కూలర్ వేస్తే ఒళ్ళంతా జిగట, దానికి ఏసీనే కావాలి, ఆ ఏసీ కూడా గాలి చల్లార్చడం మీద కాదు, నీళ్ళు పిండడం మీద చాలా కరెంటు పెడుతుంది. కేవలం బయట ఉష్ణోగ్రత పెట్టి మోడల్ నడిపితే 36 డిగ్రీల విశాఖ రోజు 36 డిగ్రీల హైదరాబాద్ రోజు లాగే కనపడుద్ది. వెట్ బల్బ్, అంటే తేమ కూడా కలిసిన ఉష్ణోగ్రత పెట్టండి, లేదా కనీసం తేమని వేరే వేరియబుల్‌గా పెట్టండి.

డల్లాస్_తెలుగువాడు
నేను టెక్సస్‌లో ఉంటాను, ఇక్కడ ఇంట్లో ఏసీని బయటి నుంచి కంట్రోల్ చేసే ప్రోగ్రాములు ఎప్పట్నించో ఉన్నాయి. 2021 జూన్‌లో గ్రిడ్ టైట్‌గా ఉన్నప్పుడు స్మార్ట్ థర్మోస్టాట్లని దూరం నుంచి పైకి జరిపారు, చాలామంది మధ్యాహ్నం నిద్రలేచి చూస్తే ఇల్లు వేడెక్కి ఉంది, చిన్నపిల్లలున్న ఇళ్ళవాళ్ళు న్యూస్‌లోకి వచ్చి మరీ గొడవపెట్టారు. కాగితం మీద వాళ్ళందరూ ఒప్పుకున్నవాళ్ళే, ఏదో డిస్కౌంట్‌కో లక్కీ డ్రాకో ఎన్రోల్ అయినవాళ్ళు, ఏం ఒప్పుకున్నారో చాలామందికి గుర్తు కూడా లేదు. అందుకని మోడల్‌లో ఓవర్‌రైడ్ అనేదాన్ని తప్పకుండా పెట్టండి, అంటే సెట్టింగ్ మార్చిన ఎన్ని నిమిషాలకి ఎంతమంది తిరిగి మార్చేస్తారు అని. మొదటి పావుగంట అందరూ ఉంటారు, రెండో గంటలో సగం మంది ఉండకపోవచ్చు. ఇంకా వరసగా రెండు మూడు రోజులు ఈవెంట్ పిలిస్తే, అంటే లోడ్ తగ్గించమని అడిగితే, మూడో రోజు ఓపిక తగ్గుతుంది, అది కూడా కలపాలి.

మా_ఇంటి_మీటర్
నేను ఇంజనీర్‌ని కాదండి, ఇద్దరు పిల్లలు, అత్తయ్యగారు, మావారు, నేను. మీరు రాసినవన్నీ చదివాను. పొద్దున్న సంగతి ఎవరూ రాయలేదు, అందుకని రాస్తున్నా.

చలికాలంలో మా ఇంట్లో ఐదున్నర నుంచి ఎనిమిది దాకా గీజర్, కుక్కర్, మిక్సీ, మోటారు అన్నీ ఒక్కసారే. అత్తయ్యగారు ఐదున్నరకి స్నానం, పూజ. పిల్లల స్కూల్ బస్సు ఏడుంపావుకి. ఇందులో ఏది జరపమంటారు? స్కూల్ టైం మారదు, పూజ టైం మారదు. కానీ గీజర్ మారుతుంది. నీళ్ళు ఐదింటికి వేడయినా నాలుగింటికి వేడయినా నాకు ఒకటే, బకెట్‌లో పడ్డప్పుడు వేడిగా ఉంటే చాలు. అలాగే వాషింగ్ మెషిన్ మధ్యాహ్నం వేస్తే చౌక అంటున్నారు, ఉద్యోగానికి వెళ్ళే ఆడవాళ్ళు మధ్యాహ్నం ఎలా వేస్తారు? వేసినా తడి బట్టలు సాయంత్రం దాకా డ్రమ్ములో ఉంటే వాసనొస్తాయి. ఆరేసే మనిషి ఇంట్లో ఉండాలి కదా. మీ మోడల్‌లో "జరపొచ్చు" అని రాసే ప్రతి సామాను పక్కన, జరిపితే ఆ పని ఎవరి మీద పడుతుందో కూడా రాయండి. చాలా ఇళ్ళల్లో అది ఒక్క మనిషే.

కోడ్‌గువ్వ (హైదరాబాద్)
అక్కా, ఇది ఖచ్చితంగా పెడతా. ఇప్పటిదాకా నా షీట్‌లో వాషింగ్ మెషిన్, డిష్‌వాషర్, గీజర్ మూడూ ఒకే గడిలో "షిఫ్టబుల్" అని ఉన్నాయి. ఇప్పుడు దాన్ని మూడు ముక్కలు చేస్తున్నా: మనిషికి తెలీకుండానే జరపగలిగేవి (గీజర్, బోరు మోటారు, స్కూటర్ చార్జింగ్, ఇన్వర్టర్ బ్యాటరీ చార్జింగ్), మనిషి ఒంటికి తెలిసేవి (ఏసీ), మనిషి చేతి పని మారేవి (బట్టలు, వంట, ఇస్త్రీ). మూడోదాన్ని మోడల్ అసలు అడగదు, ఇంట్లోవాళ్ళు తమంతట తాము ఇస్తే తీసుకుంటుంది.

మీ గీజర్ లెక్క ఇప్పుడే వేశాను చూడండి. 25 లీటర్లు, చలికాలం ట్యాంకు నీళ్ళు 20 డిగ్రీలు అనుకుంటే 60కి తేవడానికి దాదాపు 1.16 యూనిట్లు, రెండు కిలోవాట్ల ఎలిమెంట్‌తో 35 నిమిషాలు. నలభై ఫ్లాట్లలో సగం మంది ఆరు, ఏడు మధ్య వేసినా అందరూ ఒకే నిమిషంలో వేస్తే 40 కిలోవాట్లు. అదే నాలుగింటి నుంచి ఏడు దాకా వంతులవారీగా ఇస్తే ఒక్కసారికి నాలుగు గీజర్లు, 8 కిలోవాట్లు. ఎవరి స్నానమూ ఆలస్యం కాదు. ట్యాంకు ముందే వేడిచేసి ఉంచితే కొంచెం వేడి పోతుంది, ఆ నష్టం కూడా మోడల్‌లో ఉంది.

సబ్‌స్టేషన్_శీను (కృష్ణా జిల్లా)
గీజర్ లెక్కలో వోల్టేజ్ మర్చిపోవద్దండీ. పేపర్ మీద 230, ఫీడర్ చివర ఇంట్లో పీక్‌లో 200 ఉండొచ్చు. హీటర్ పవర్ వోల్టేజ్ స్క్వేర్‌తో పడిపోద్ది, రెండు కిలోవాట్లది 1.5కి దిగుతుంది, 35 నిమిషాల పని 46 నిమిషాలవుద్ది. యూనిట్లు అవే, టైం ఎక్కువ. ఏసీ కంప్రెసర్, మోటారు అలా కాదు, వోల్టేజ్ తగ్గితే ఇంకా ఎక్కువ ఆంపియర్లు లాగుతాయి. కాబట్టి ఒక్కో సామాను వోల్టేజ్‌కి ఎలా స్పందిస్తుందో రాసుకోండి, లేకపోతే తక్కువ వోల్టేజ్ ఉన్న ఏరియాలో మీ లెక్కకీ మా మీటర్‌కీ పొంతన కుదరదు.

అసలు సంగతి ఇంకోటుంది. తగ్గించడం మీదే అందరూ మాట్లాడతారు, తిరిగి వచ్చేటప్పుడు ఏమవుద్దో ఎవరూ మాట్లాడరు. మేం గంట కోత పెట్టి లైన్ ఇస్తే, ఇచ్చిన క్షణంలో లోడ్ కోతకి ముందున్న దానికంటే చాలా ఎక్కువ లేస్తుంది. ఎందుకంటే ఏసీలన్నీ, ఫ్రిజ్‌లన్నీ ఒకేసారి ఆన్, మామూలుగా అయితే ఒకటి ఆగితే ఒకటి నడుస్తుంది. పైగా మన ఇళ్ళల్లో ఇన్వర్టర్ బ్యాటరీలు. 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ 1.8 యూనిట్లు పడుతుంది, కరెంటు రాగానే రెండొందల వాట్ల పైన లాగడం మొదలుపెడుతుంది. నలభై ఇళ్ళల్లో ఉంటే ఎనిమిది కిలోవాట్లు అదొక్కటే. ఇలా ఒక్కసారిగా మీదపడే ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజులు పోయేది. డిమాండ్ రెస్పాన్స్ ఈవెంట్ అయిపోయాక కూడా ఇదే జరుగుద్ది.

బెజవాడ_ఎండ
శీను గారి మాటకి అంకెలు కలుపుతా. బిల్డింగ్‌లో ముప్పై ఏసీలు, అన్నీ ఒకటిన్నర టన్ను పాత రకం, అంటే ఇన్వర్టర్ కానివి, నడిచినప్పుడు ఒకటిన్నర కిలోవాట్లు, రాత్రి సగం సేపు కంప్రెసర్ నడుస్తుందనుకుందాం. మామూలు లోడ్ 22.5 కిలోవాట్లు. అందరి సెట్టింగ్ 24 నుంచి 26కి జరిపారు. గది రెండు డిగ్రీలు ఎక్కేదాకా కంప్రెసర్లు ఆగిపోతాయి, అంటే మొదట్లో 22.5 కిలోవాట్లూ దాదాపు పోతాయి, గ్రాఫ్ చూసి అందరూ చప్పట్లు కొడతారు. గది 26 చేరాక మళ్ళీ మొదలవుతాయి. కేంద్రం కరెంటు పొదుపు సంస్థ బీఈఈ లెక్క ప్రకారం డిగ్రీకి ఆరు శాతం ఆదా, రెండు డిగ్రీలకి 12 శాతం, అంటే నిలకడగా మిగిలేది 2.7 కిలోవాట్లే. తర్వాత ఈవెంట్ అయిపోయి అందర్నీ ఒకే నిమిషంలో 24కి దించారు, ముప్పై కంప్రెసర్లూ ఒకేసారి ఆన్, 45 కిలోవాట్లు, ముందున్నదానికి రెట్టింపు. కాబట్టి "ఈ బిల్డింగ్ 22 కిలోవాట్లు తగ్గిస్తుంది" అని రాయకండి, ఎన్ని నిమిషాలకి ఎంత, ఆ తర్వాత ఎంత తిరిగొస్తుంది అని మూడు ముక్కల్లో రాయండి. వదిలేటప్పుడు వంతులవారీగా అరగంట మీద వదలండి. ఇన్వర్టర్ ఏసీలు ఆగవు, స్పీడ్ తగ్గించుకుంటాయి, వాటికి వేరే మోడల్.

ఊరి_మోటారు (నిజామాబాద్)
మీరంతా సాయంత్రం పీక్ సాయంత్రం పీక్ అంటున్నరు. తెలంగాణల యాసంగి వరి పొట్ట మీద ఉన్నప్పుడు, ఫిబ్రవరి మార్చిల, లోడ్ ఎక్కువ లేసేది పగటి పూట, బోర్ల మోటార్లతోటి. మా ఊర్ల పొద్దుగాల కరెంటు ఉందంటే ఆటో స్టార్టర్లు అన్నీ ఒక్కసారే ఎత్తుకుంటయి. అప్పుడు హైదరాబాద్ ఇండ్లల్ల గీజర్లు కూడా నడుస్తున్నయంటే గ్రిడ్ మీద రెండూ కలిసి పడతయి. ఎండాకాలం ముదిరినంక మే నెలల వరి కోతలైపోతయి, మోటార్లు ఆగుతయి, అప్పుడు మీ ఏసీల రాత్రి పీక్. గందుకని ఈవెంట్ ఎప్పుడు పిలవాలన్నది ఇంటిని చూసి కాదు, రాష్ట్రం లోడ్ చూసి పెట్టాలె. ఇల్లు ఎంత ఇస్తదో ఒక మోడల్, రాష్ట్రానికి ఎప్పుడు కావాల్నో ఇంకో మోడల్.

కోడ్‌గువ్వ (హైదరాబాద్)
అన్నా ఇది చాలా ముఖ్యం. అంటే ఫిబ్రవరికి గీజర్, మోటారు, మేకి ఏసీ, ఇలా సీజన్ బట్టి వేరే సామాను ముందుకొస్తుంది. ఒకే కంట్రోల్ రూల్ ఏడాదంతా పనికిరాదు.

థేమ్స్_ఒడ్డున
లండన్ నుంచి. ఇక్కడ 2022 నవంబర్ నుంచి డిమాండ్ ఫ్లెక్సిబిలిటీ సర్వీస్ నడిపారు. ముందురోజు మెసేజ్ వస్తుంది, రేపు ఐదున్నర నుంచి ఆరున్నర తగ్గిస్తే ఇంత ఇస్తాం అని. ఎవరూ బయటి నుంచి ఏదీ ఆపరు, మనమే ఆపుకోవాలి, ఓవెన్ ముందే వాడేసుకుంటాం, అంతే. నాకు నచ్చింది ఏంటంటే చెయ్యకపోతే జరిమానా లేదు. గొడవంతా బేస్‌లైన్ దగ్గర వస్తుంది, అంటే నువ్వు మామూలుగా అయితే ఎంత వాడేవాడివి అన్నది ఎవరు తేలుస్తారు? ఊరెళ్ళిన ఇంటికి ఏం చెయ్యకుండానే డబ్బులొస్తాయి, ఎప్పుడూ పొదుపుగా వాడే ముసలావిడకి తగ్గించడానికి ఏమీ ఉండదు, ఏమీ రాదు.

డేటా_పంతులు
బేస్‌లైన్ మీద కాస్త వివరంగా రాస్తా, ఎందుకంటే డబ్బు చేతులు మారేది దీని మీదే. కాలిఫోర్నియా గ్రిడ్‌లో వాడే పద్ధతుల్లో ఒకటి పదికి పది, అంటే ఈవెంట్‌కి ముందు అలాంటివే పది రోజుల సగటు, ఈవెంట్ రోజు పొద్దున వాడకం చూసి 20 శాతం దాకా పైకో కిందికో సర్దుతారు. అమెరికా తూర్పు వైపు గ్రిడ్ నడిపే పీజేఎం వాళ్ళు ఐదు రోజుల్లో ఎక్కువ వాడిన నాలుగు తీసుకుంటారు. మనకి ఈ పద్ధతులు రుతువు మారే వారంలో దెబ్బతింటాయి. జూన్‌లో మొదటి వాన పడ్డ రోజు ఏసీ లోడ్ ఒక్కసారిగా పడిపోతుంది, వెనకటి పది రోజులేమో మండుటెండ. బేస్‌లైన్ ప్రకారం ఊరంతా కరెంటు తగ్గించినట్టు కనపడుతుంది, తగ్గించింది వాన. ఆ పొద్దున సర్దుబాటు కూడా పనిచెయ్యదు, వాన సాయంత్రం పడితే.

మోసం కూడా ఇక్కడే జరుగుతుంది. బాల్టిమోర్‌లో ఒక బేస్‌బాల్ స్టేడియంలో అవసరం లేకపోయినా లైట్లు వేసి బేస్‌లైన్ పెంచిన కేసు మీద అమెరికా ఫెడరల్ రెగ్యులేటర్ విచారణ చేసి 2013లో సెటిల్‌మెంట్ చేసింది. స్టేడియం చెయ్యగలిగింది ఇల్లు చెయ్యలేదా?

అందుకే నేను చెప్పేది, వీలైతే కంట్రోల్ గ్రూప్ పెట్టు. నలభైలో ప్రతి ఈవెంట్‌కి లాటరీ తీసి పది ఇళ్ళని అడక్కుండా వదిలెయ్, వాళ్ళ వాడకమే బేస్‌లైన్. వాన పడితే అందరికీ పడుతుంది. పది ఇళ్ళు తక్కువే, ఒక్క ఈవెంట్‌తో ఏమీ తేలదు, సీజన్ మొత్తం ఈవెంట్లు కలిపి చూడు. నలభై సరిపోకపోతే పక్క బిల్డింగ్‌ని కలుపుకో.

నిజాంపేట_నివాసి
ఇంకో ముచ్చట. పావుగంట డేటా అంటే ఇంట్ల ఎవరు ఎప్పుడు లేస్తరు, ఎప్పుడు ఊరికి పోతరు, అన్నీ తెలుస్తయి. తాళం వేసిన ఇల్లు ఏదో గ్రాఫ్ చూసి చెప్పొచ్చు. ఆ ఫైల్ ఎవరి దగ్గర ఉంటది?

కోడ్‌గువ్వ (హైదరాబాద్)
ఇది నేను మొదట్నించీ పట్టుకున్న విషయం. ఫ్లాట్ డేటా ఫ్లాట్‌లోనే ఉండాలి. ఇంట్లో చిన్న కంప్యూటర్ బోర్డు మీద మోడల్ నడుస్తుంది, అది బయటికి పంపేది ఒక్క అంకె, "ఈ పావుగంటలో నేను ఇంత ఇవ్వగలను". బిల్డింగ్ లెవెల్‌లో ఆ అంకెలు కూడిన మొత్తమే ఎవరికైనా కనపడుతుంది. 2023 డేటా రక్షణ చట్టం ఉన్నా లేకపోయినా, పక్కింటావిడ ఎప్పుడు స్నానం చేస్తుందో నాకు తెలియాల్సిన అవసరం లేదు. రాతపూర్వకంగా ఒప్పుకున్న ఇళ్ళనే తీసుకుంటా, ఎప్పుడు కావాలంటే అప్పుడు బయటికి రావొచ్చు, ఏసీ ఓవర్‌రైడ్ బటన్ గోడ మీదే ఉంటుంది.

ఇంతవరకు తేలినదాన్ని బట్టి మొదలు బోరు మోటారుతో పెడుతున్నా. ఎవరి ఒంటికీ తెలీదు, ఎవరి పనీ పెరగదు, పైన ట్యాంకు నిండుగా ఉంటే అందరికీ సంతోషమే. ఐదు హెచ్‌పీ మోటారు నాలుగున్నర కిలోవాట్లు లాగుతుంది, రోజుకి రెండు గంటలు నడిస్తే తొమ్మిది యూనిట్లు, వాచ్‌మన్ ఇప్పుడు దాన్ని సాయంత్రం ఆరింటికి వేస్తున్నాడు, సరిగ్గా పీక్‌లో. పదకొండు నుంచి మూడు మధ్యకి జరపాలి. ట్యాంకు లెవెల్ సెన్సర్ పెట్టి, నీళ్ళ వాడకానికి కూడా చిన్న మోడల్ రాస్తున్నా. ఎవరి దగ్గరైనా వాళ్ళ అపార్ట్‌మెంట్ మోటారు ఎప్పుడు వేశారు, ఎప్పుడు ఆపారు అన్న రిజిస్టర్ ఉంటే పంపగలరా?

మా_ఇంటి_మీటర్
మా దగ్గర వాచ్‌మన్ నోట్‌బుక్‌లో రాస్తాడు, ట్యాంకర్ వచ్చిన రోజులు కూడా ఉంటాయి. అసోసియేషన్ వాళ్ళని అడిగి ఫోటోలు తీసి పెడతా. ఒకటి మాత్రం చూసుకోండి, ఎండాకాలంలో మా బోరు ఏకధాటిగా రెండు గంటలు పొయ్యదు. ముప్పావుగంట పోశాక నీళ్ళు సన్నబడతాయి, ఆపి గంటన్నర ఆగి మళ్ళీ వెయ్యాలి. ఆ నాలుగు గంటల్లో మీ రెండు గంటలు పట్టవు.

కోడ్‌గువ్వ (హైదరాబాద్)
బోరు ఊరడానికి పట్టే టైం! అది నా మోడల్‌లో లేదక్కా, ఇప్పుడు పెడతా. అలా అయితే ఎండాకాలంలో ఎనిమిదిన్నరకే మొదలుపెట్టి నాలుగు దాకా మూడు విడతలు వెయ్యాలి, సోలార్ గంటల్లోనే పడుతుంది. ఫోటోల్లో మోటారు ఆపిన కారణం కూడా కనపడేలా తియ్యండి, ట్యాంకు నిండి ఆపారా, నీళ్ళు రాక ఆపారా.

మా_ఇంటి_మీటర్
అది రాయడు. ఇవాళ్టి నుంచి రాయమని చెప్తాను.